మొదటి వంద మీటర్లు

నయీమ్ చొక్కాలకు మూడు నీళ్లు చాలవు. మొదటి నీళ్లు ఎర్రగా దిగుతాయి, రెండోవి టీ రంగుకు వస్తాయి, మూడోవి పైకి తేరినట్టే కనిపిస్తాయి గానీ బకెట్ అడుగున చెయ్యి పెడితే వేళ్లకు గరుసు తగులుతుంది. నాలుగోసారి జాడించాల్సిందే. వాషింగ్ మెషిన్ ఉంది గదా అంటారు చూసినవాళ్లు. ఉంది. ఆ మట్టి పడితే మెషిన్ చెడిపోతుందని, కొడుకు చొక్కాలు చేత్తోనే ఉతకాలని అత్త మస్తాన్‌బీ కట్టడి చేసింది. మెషిన్ మీద ఉన్న జాలిలో సగం కోడలి నడుం మీద ఉంటే మెహరాజ్ బతుకు ఇంకో రకంగా ఉండేది.

ఆ బకెట్ నీళ్లను చూసి ఆయన ఆ రోజు ఏ రోడ్డు మీద తిరిగాడో మెహరాజ్ చెప్పగలదు. కోయిలకుంట్ల వైపు పోతే నీళ్లు నల్లగా, జిగటగా ఉంటాయి. ఆళ్లగడ్డ వైపు పోతే ఎరుపు. ఈ విద్య ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నంద్యాల పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయింది తను. నయీమ్ ఇంటర్ దాటలేదు. పెళ్లిచూపుల్లోనే మస్తాన్‌బీ ఆ సంగతి తేల్చేసింది, చదువుకున్న పిల్లయితే కొడుకు కాగితాలు చూసుకుంటుందని. అన్నట్టే పందొమ్మిదేళ్లుగా చూసుకుంటూనే ఉంది. నయీమ్ రోడ్ల మరమ్మతు కాంట్రాక్టులు చేస్తాడు. గుంతకు ఎంత కంకర పట్టాలి, ఎంత తడిపి ఎంత తొక్కించాలి, అన్నీ పొయ్యి దగ్గర నిలబడి మెహరాజ్ చెబుతుంది. ఆయన పోయి సైటులో తన మాటగా చెబుతాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఎవరైనా మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, "మా ఇంట్లోదానికి మట్టి పిచ్చి, ల్యాబులో పొద్దుపుచ్చుతాది" అంటాడు. మధ్యాహ్నం పూట ఒక చిన్న మట్టి పరీక్షల ల్యాబులో ఆమె చేసే ఉద్యోగానికి ఆ ఇంట్లో ఉన్న పేరు అది.

అలాంటిది, జనవరిలో ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆళ్లగడ్డ దాటినాక గువ్వలదిన్నె అనే ఊరుంది. ఆ ఊరి అంచు నుంచి ఒక కంకర క్రషర్‌కు మట్టిరోడ్డు పోతుంది. రోజుకు ఎనభై టిప్పర్లు. అన్నం గిన్నె మీద మూత తీస్తే మెతుకుల మీద దుమ్ము. ఊరివాళ్లు రెండుసార్లు బండ్లకు అడ్డం పడుకున్నారు. దుమ్ము అణచకపోతే క్రషర్ మూస్తామని అధికారులు నోటీసు ఇచ్చారు. తారు వేస్తే ఆ బరువుకు ఆరు నెలల్లో చితికిపోతుందని, మట్టిని గట్టిపరిచే మందేదో వేస్తే చాలని యజమాని అన్నాడట. ఏ మందు నిలుస్తుందో పరీక్ష చేసి చూపించినవాడికి ఐదేళ్లు రోడ్డు అప్పగిస్తారు. నయీమ్‌కు తెలిసిన మందు నీళ్ల ట్యాంకరొక్కటే.

"నువ్వు చేసిపెట్టు. రిపోర్టు మీద నీ పేరే ఏపిస్తా" అన్నాడు.

నీ పేరు అన్న మాటకు మెహరాజ్ పడిపోయింది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, పడిపోయింది. పందొమ్మిదేళ్లలో తను రాసిన ఏ కాగితం కిందా తన పేరు లేదు. ఉప్పు డబ్బా మీదా, కారం డబ్బా మీదా తప్ప తన చేతిరాత ఎక్కడా బతికి లేదు. ఆ రాత్రి నుంచి వంట చేస్తూ కూడా ఆమె ఆలోచన ఆ రోడ్డు మీదే ఉంది.

మూడు మందులు ఎంచింది. మొదటిది కాల్షియం క్లోరైడ్, తెల్లటి పెంకుల్లా ఉండే ఒక రకం ఉప్పు. గాలిలో తేమను లాగి మట్టిని తడిగా ఉంచుతుంది, తడి మట్టి లేవదు. చవక. రెండోది కాగితం మిల్లుల్లో కట్టె ఉడికించాక మిగిలే నల్లటి పాకం, మట్టి రేణువులను బెల్లం పాకంలా అంటిస్తుంది. మూడోది పాలలా తెల్లగా ఉండే పాలిమర్ జిగురు, ఎండితే మట్టి మీద పొర కడుతుంది. దుమ్మే కాదు, వానకు రోడ్డు అంచులు కోసుకుపోకుండా ఆపుతుంది. ఖరీదు ఎక్కువ. ఆమె మనసు మొదటినుంచీ మూడోదాని మీదే ఉంది. ఉప్పు మీద నమ్మకం లేదు. నంద్యాల ఎండల్లో గాలిలో తేమ ఏముంటుంది లాగడానికి? పైగా వానొస్తే ఆ ఉప్పంతా కరిగి పక్కనున్న శనగ చేలల్లోకి దిగుతుంది, శనగ ఉప్పును అసలు ఓర్చుకోదు. కానీ మనసు చెప్పింది రిపోర్టు కాదు కదా, పరీక్ష చెప్పాలి.

ఫిబ్రవరిలో వంద మీటర్లు చొప్పున మూడు ముక్కలు వేయించింది. మొదటి వంద మీటర్లు ఎక్కడ వేయాలన్న దగ్గర నయీమ్ పట్టుబట్టాడు. ఎక్కువ గొడవ చేసింది రోడ్డు మీదికే ఉన్న తొమ్మిది ఇండ్ల వరుసవాళ్లు, ముందు వాళ్ల నోరు మూయించాలన్నాడు. అలా ఇండ్ల ముందు ఉప్పు పడింది. పాకం, జిగురు ఊరవతల చేల మధ్య పడ్డాయి. రోడ్డు ఒకటే, మట్టి ఒకటే, తిరిగే బండ్లూ అవే కాబట్టి తేడా ఏముంటుందిలే అనుకుంది మెహరాజ్.

ఇంట్లోంచి ఆరు స్టీలు పళ్లేలు పట్టుకుపోయి రోడ్డు వారన కొయ్యల మీద పెట్టించింది. వారమంతా వాటిలో పడ్డ దుమ్మును ఆదివారం పోగు చేసి ల్యాబులో తూకం వేసేది. తినే పళ్లేలు మట్టి పాలు చేసిందని మస్తాన్‌బీ మూడు రోజులు సాధించింది. ప్రతి ఆదివారం పొద్దున వంట ముగించి నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, ఆటోలో గువ్వలదిన్నె చేరేసరికి పదకొండు దాటేది. తొమ్మిది ఇండ్లలో మొదటి ఇల్లు లక్ష్మీదేవిది. యాభై ఏళ్ల మనిషి, రోడ్డు పక్కనే రెండెకరాల శనగ చేను ఉంది. కోళ్లు పొడవకుండా పళ్లేలకు కాపలా ఆమెదే. మెహరాజ్ పోయేసరికి ఉప్పు వేసిన రోడ్డు నల్లగా, చల్లగా, వేలితో నొక్కితే దిగకుండా ఉండేది. పుస్తకంలో రాసినట్టే తేమ పట్టి ఉంది. మార్చి అయింది, ఏప్రిల్ అయింది. పాకం ముక్క పొడిపొడిగా రాలింది. జిగురు ముక్క గట్టిగానే ఉంది గానీ మలుపు దగ్గర టైర్ల ఒరిపిడికి పగిలింది. ఉప్పు ముక్క పళ్లెంలో దుమ్ము మిగతావాటిలో మూడో వంతు కూడా లేదు.

తన అనుమానం తప్పయినందుకు మెహరాజ్ సంతోషించింది కూడా. తనకు ఇష్టమైనదాన్ని కాదని పరీక్ష చెప్పినదాన్ని రాయడం నిజమైన ఇంజనీరు పని అనుకుంది. పన్నెండు పేజీల రిపోర్టు. కింద తన పేరు. నయీమ్ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి క్రషర్ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ఒప్పందం మే నెలాఖరు గురువారం. ఆలోపు ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన విసుక్కున్నాడు, గువ్వలదిన్నెలో ఎవరో ఆడమనిషి చూసుకోకుండా రోడ్డు దాటి టిప్పర్ కింద పడిందని, రెండు రోజులు బండ్లు నిలిచిపోయాయని. మెహరాజ్ అయ్యో అంది. అని, ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

ఒప్పందానికి నాలుగు రోజుల ముందు ఆదివారం ఆఖరుసారి కొలతకు పోయింది. ఇండ్ల వరుసలో అంతటా రోడ్డు ఎప్పటిలాగే నల్లగా ఉంది, ఒక్క చోట తప్ప. ఆరో ఇంటి ముందు, ఆ ఇంటి వాకిలి ఎంత వెడల్పో అంత మేర, గీత గీసినట్టు ఎర్రగా పొడిబారి ఉంది. కాలు పెడితే చీలమండ దాకా మెత్తటి దుమ్ము. టిప్పరొకటి పోతే ఆ ఒక్క ఇంటి ముందే మబ్బు లేచింది. ఈడ మందు సరిగా పడలేదేమో అంది మెహరాజ్, పళ్లెం తెచ్చిచ్చిన లక్ష్మీదేవితో.

"మందు బాగానే పడిందమ్మా. నీళ్లే పడల్యా. వరలక్ష్మి లేదు గదా, ఎవురు పోస్తారు?"

ఏం నీళ్లని అడిగింది మెహరాజ్. లక్ష్మీదేవి ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"మీ సారే జెప్పినాడు గదా. మందు ఏసినాం, పొద్దున నాలుగు బిందెలు సందకాడ నాలుగు బిందెలు ఎవురింటి ముందర వాళ్లు పోసుకోండి, దుమ్ము లెయ్యదు అని. మూడు నెల్ల నించి పోస్తానే ఉండాం. నీకు తెలీదా?"

తెలియదు. తెలియకపోవడం ఎలా కుదిరిందో కూడా మెహరాజ్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. మిగతాది లక్ష్మీదేవి నింపాదిగా చెప్పింది, ఫిర్యాదు లాగా కూడా కాదు. బోరింగు ఊరి చివర ఉంది. ఏప్రిల్ నుంచి అది వంద సార్లు కొడితే గానీ బిందె నిండటం లేదు. అంట్లు కడిగిన నీళ్లు, పిల్లలకు పోసిన నీళ్లు కూడా రోడ్డుకే. ఒక్క పూట మానేస్తే ఉప్పు ఎండి మట్టితో సహా లేస్తుంది, కళ్లు మండుతాయి, అందుకని మానడానికి లేదు. చేతులు పొక్కి పగుళ్లు వచ్చాయని అరచేతులు చూపించింది. ఆరో ఇంటి వరలక్ష్మి పోయిన సోమవారం పొద్దున రెండో బిందె వంచి పోస్తూ రోడ్డు వైపు వీపు పెట్టి ఉంది. వెనక్కి వచ్చే టిప్పర్ ఆమెను చూడలేదు. కాలు మోకాలి కింద తీసేశారు. ఇంకా కర్నూలు పెద్దాసుపత్రిలోనే ఉంది.

"కాయితంలో మటుకు రోడ్డు దాటతాంటే అని రాసుకున్యారంట. దాటి యాడికి పోతాదమ్మా, అవతలంతా సేన్లేగదా."

లక్ష్మీదేవి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగకపోతే బాగుండదు కాబట్టి మెహరాజ్ తాగింది. తర్వాత తొమ్మిది గడపలూ ఎక్కి దిగింది. అందరూ అదే మాట చెప్పారు, అందరూ అంతే మామూలుగా చెప్పారు. అడిగినవాళ్లు లేరు గానీ దాచినవాళ్లు కూడా లేరు.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నయీమ్ మీద కోపం రావాలి, వచ్చింది కూడా, సగం దారి దాకా. ఆ తర్వాత కోపం తన మీదికి తిరిగింది. మూడు నెలలు, పద్నాలుగు ఆదివారాలు. ఆ నల్లటి తడి మీద కూర్చుని వేలితో నొక్కి చూసింది తను. ప్రతి వాకిట్లో బోర్లించిన బిందెలు చూసింది. గచ్చు మీదికి చిందిన బురద చూసింది. చూసి, తేమను గాలిలోంచి ఉప్పు లాగిందని రాసింది. తన ఇంటి ముందు రోజూ పొద్దున్నే ఊడ్చి నీళ్లు చల్లేది ఎవరు? తనే. పందొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా అది పని అనిపించలేదు. పండ్లు తోముకోవడం లాంటిదే అదీ. తన పని ఎవరికీ కనబడదని కడుపులో కుములుతూ బతికిన మనిషికి, ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్ల పని కళ్లెదుట తడిగా కనబడుతున్నా కనబడలేదు. చూపు ఆనకపోవడానికి మగవాడై పుట్టనక్కర్లేదు. ఆ టిప్పర్ తోలినవాడూ, కాగితం రాసినవాడూ, నీళ్లు పోయమన్న నయీమ్, ఆ తడిని ఉప్పు ఖాతాలో వేసిన తనూ, తిలా పాపం తలా పిడికెడు. రిపోర్టు అలాగే ఉంటే ఐదేళ్లు. ఐదేళ్లు ఆ ఎనిమిది మంది బోరింగు కొడతారు, టిప్పర్లకు వీపు పెట్టి వంగుతారు. కింద తన పేరుంటుంది.

ఇంటికి చేరేసరికి నయీమ్ టీ తాగుతున్నాడు. ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలోనే నడుస్తాయి. కోపం వస్తే మాత్రం నయీమ్ తెలుగులోకి మారతాడు, కూలీలతో మాట్లాడే తెలుగు. ఆడవాళ్లతో నీళ్లు పోయించారా అని ఆమె అడిగితే ముందు నవ్వాడు. ఇండ్ల ముందర ఆడవాళ్లు నీళ్లు చల్లుకోవడం ఎప్పుడూ ఉండేదేనని, రెండు బిందెలు ఎక్కువ చల్లుకోమన్నానని, అందులో వింతేముందని అన్నాడు. ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే ఆయన దృష్టిలో అది నీళ్లు కాదు, పని కాదు, పరీక్షను చెడగొట్టగలిగేంత పెద్ద వస్తువే కాదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఉప్పు పనిచేయలేదని, వాళ్ల నీళ్లే పనిచేశాయని, రిపోర్టు మార్చాలని మెహరాజ్ చెప్పింది. వరలక్ష్మి కాలు సంగతి కూడా చెప్పింది.

అప్పుడు తెలుగులోకి మారాడు.

"నేనేమన్నా తోసినానా ఆమెను? వాకిట్లో నీళ్లు జల్లేది గూడా యాడన్నా లెక్కలో రాస్తారా? రిపోర్టు రాసింది ఎవురు, నువ్వు. పేరు ఎవురిది, నీది. తప్పని జెప్పుకుంటే పరువు పోయేది నీదే. ల్యాబు నించి గూడా తీసేస్తారు. అప్పుడు ఏం జేస్తావ్, బిందె తీసుకొని ఆడికే పోతావా?"

మస్తాన్‌బీ గుమ్మంలోంచి అంది, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని, ఇంటి మగవాడి నోటికాడ కూడు తీసే ఆడది ఏ ఇంట్లో నిలుస్తుందని. ఆమె అరవలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే చెప్పింది. ఎక్కడికి పోతావన్న ప్రశ్న ఆ గొంతులోనే ఉంది. అమ్మ పోయింది. బండి ఆత్మకూరులో ఉన్న తమ్ముడి ఇంట్లో ఒక రాత్రికి మించి పడక ఉండదు. నలభై రెండేళ్ల వయసులో చేతిలో ఉన్నది ఒక డిప్లొమా, ల్యాబులో ఒక స్టూలు. రిపోర్టు తప్పని ఒప్పుకుంటే ఆ స్టూలు కూడా ఉండదు. నయీమ్ చెప్పినదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. పేరు కావాలనుకుంది కదా, ఇదిగో పేరు.

సోమ, మంగళ, బుధవారాలు మెహరాజ్ వంట చేసింది, ఉతికింది, ల్యాబుకు పోయింది, కుక్కిన పేనులా ఉంది. నయీమ్ దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని బుధవారం సాయంత్రం ఆమెకు ఇష్టమని జాంగ్రీ తెచ్చాడు. తింది. పళ్లెం కడిగి బోర్లించింది.

గురువారం పదిగంటలకు క్రషర్ ఆఫీసులో బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మేనేజరు దావీదు, మండలం నుంచి ఒక అధికారి, ఊరి తరఫున ఇద్దరు పెద్దమనుషులు. ఆ ఇద్దరి ఇండ్లూ రోడ్డుకు దూరంగా వెనక వీధిలో ఉన్నాయని మెహరాజ్‌కు తెలుసు. తొమ్మిది ఇండ్ల నుంచి ఎవరినీ పిలవలేదు. నయీమ్ సెల్‌లో ఫొటోలు చూపించాడు, నల్లగా మెరిసే మొదటి వంద మీటర్లు. ఆరో ఇంటి ముందరి ఎర్రటి ముక్క వాటిలో లేదు. ఉప్పు చవక, పని సులువు, దుమ్ము లేదని ఆయన గడగడా చెప్పాడు. జిగురు మందు పగిలిందని చెప్పాడు. అధికారి తలూపాడు. పెద్దమనుషులు టీ తాగారు. ఒప్పంద పత్రం బల్ల మీద తెరిచి ఉంది, గాలికి ఎగరకుండా దాని మీద కంకర రాయి పెట్టారు.

దావీదు మంచి మనిషి లాగే ఉన్నాడు. వరలక్ష్మి ఆసుపత్రి మందులకు సొంతంగా ఎంతో కొంత పంపించాడని లక్ష్మీదేవి చెప్పింది. పెన్ను మూత తీసి, రాసేముందు ఆగాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటే సందేహమన్నాడు.

"నయీమన్నా, ఏసినంక ఇది ఎన్నాళ్లు నిలుస్తాది? ఖచ్చితంగా జెప్పు."

నయీమ్ ఇలాంటి చోట తడబడే మనిషి కాదు. ఆమె వైపు చెయ్యి చూపించి నవ్వాడు. "నన్నెందుకప్పా అడిగేది. పరీక్ష జేసింది, రాసింది అంతా మా ఆవిడే. ఆమె పేరే ఉండాది సూడు. ఆమె నోటితోనే వినండి" అన్నాడు. పందొమ్మిదేళ్లలో నలుగురి ముందు ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. నిజమే చెప్పాడు. ఆ నిజంతోనే నోరు కట్టేశాననుకున్నాడు.

అందరూ మెహరాజ్ వైపు తిరిగారు. ఆమె ముందున్న రిపోర్టు ఆఖరి పేజీ దగ్గర తెరుచుకుని ఉంది. దాన్ని మూసి పక్కకు జరిపింది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

"ఆడోళ్లు నీళ్లు మోసినన్నాళ్లు నిలుస్తాది సార్. తొమ్మిది మంది మోస్తాండ్రి, ఎనిమిది మందే మిగిలినారు. నేను రాసింది తప్పు."